గాలి వదిలింది, పేరు వదల్లేదు

మా ఇంట్లో పెద్దమ్మ వినేలా ఎవరూ అనని సామెత ఒకటి ఉండేది. ‘పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట.’ ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళగానే ఎవరో ఒకరు గొంతు తగ్గించి అనేవాళ్ళు. మిగిలినవాళ్ళు నవ్వేవాళ్ళు. దీన్నే ‘పిచ్చి ముదిరింది’ అని కూడా అంటారు. ముదిరిన పిచ్చివాడు రోకలిని తలపాగాలా చుట్టమనడంలో వింతేం లేదు. కుదిరిందనే పాఠమే నన్ను చాలాకాలం పట్టుకుని వేధించింది. నాకు నయమైందని రోగి తన నోటితో చెప్పడమే ఇంకా నయం కాలేదనడానికి రుజువైపోతుంది అందులో. పెద్దమ్మ బాగున్నానంటే నవ్వు, బాగాలేదంటే మందులడబ్బా. ఇక ఆవిడ ఏం మాట్లాడాలి?

పెద్దమ్మ 1980ల్లో రంపచోడవరం ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసింది. 1990ల మొదట్లో ఆమెకు జబ్బు చేసింది. నిద్ర పోయింది. పిల్లల హాజరు పట్టీలో తన పేరు కూడా రాసుకుని పిలిచేదట. రాత్రిళ్ళు బడి గోడ అవతల నిలబడి ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనేది. కబురు కింద ఊళ్ళకి చేరి, మావయ్యలు వెళ్ళి తీసుకొచ్చేసరికి మూడు నెలలు గడిచాయి. ఆ మూడు నెలలూ ఆమెని అక్కడివాళ్ళే చూసుకున్నారు. తర్వాత ఆసుపత్రి, మందులు. మందులు పనిచేశాయి. ఈ మాట పెద్దమ్మే పదిసార్లు చెప్పేది కాబట్టి నేనూ చెబుతున్నాను. గొంతులు ఆగిపోయాయి, నిద్ర వచ్చింది. కానీ ఈలోపు మావయ్యలు ఆమె ఉద్యోగానికి రాజీనామా రాయించేశారు. పెదనాన్న వైపువాళ్ళు విడాకుల పిటిషన్ వేశారు. మిగిలిన జీవితమంతా ఆమె మా వెనక గదిలో గడిపింది. పెళ్ళిళ్ళకి పిలుపు ‘ఇంటిల్లిపాదికీ’ అని వచ్చేది. బయలుదేరేటప్పుడు మాత్రం ఇంటికి కాపలా ఎవరన్న ప్రశ్న వచ్చేది, దానికి జవాబు ఎప్పుడూ ఒకటే.

‘అక్కడే ఉండుంటే మళ్ళీ బడికి వెళ్ళిపోయేదాన్ని’ అనేది పెద్దమ్మ. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు. నేను సాహిత్యంలో పరిశోధన పూర్తిచేశాక, స్త్రీల మానసిక రోగాల చరిత్ర మీద పనిచేద్దామనుకున్నప్పుడు ఆ ‘అక్కడ’ ఏమిటో చూడాలనిపించింది. అప్పటికి ఆవిడ లేదు. రాజమండ్రిలో బస్సెక్కి, కోరుకొండ, గోకవరం దాటి రంపచోడవరం వెళ్ళేదాన్ని. మొదటి రెండుసార్లు వెళ్ళినప్పుడు నా దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంది. మైదానం పిచ్చిదని వెలివేస్తుంది, మన్యం అక్కున చేర్చుకుంటుంది. ఆ జవాబుని వదులుకోవడానికి పట్టిన కాలమే ఈ వ్యాసం.

మొదట నన్ను ఆకట్టుకున్నది మాట. పెద్దమ్మని గురించి ఆ ఊరివాళ్ళు అన్నది ‘పంతులమ్మకి గాలి సోకింది’ అని. ఈ వాక్యంలో కర్త గాలి. పంతులమ్మ ‘కి’ ప్రత్యయంతో ఓ పక్కన ఉంది. సోకినది వదులుతుంది కూడా. జ్వరం వదిలినట్టే దయ్యమూ వదులుతుంది, గాలీ వదులుతుంది. వదిలాక ఆ మనిషి మునుపటి మనిషే. ‘పిచ్చిది’ అన్నప్పుడు అలా కాదు. అక్కడ జబ్బు మనిషికి పేరైపోయింది. ‘మెంటల్’ అనే మాట ఇంకా ఘోరం. ఇంగ్లీషులో అది విశేషణం, మనం దాన్ని నామవాచకం చేసి మనిషి నెత్తిన పెట్టాం. హైదరాబాదులో ‘ఎర్రగడ్డకి పంపాలి’ అంటే అది తిట్టు. అక్కడున్నది ఆసుపత్రి, అక్కడికి వెళ్ళినవాళ్ళలో ఎందరో బాగుపడి తిరిగొచ్చారు. ఆ సంగతి భాషలోకి రానేలేదు. ‘కుదరడం’ అనే మంచి మాటని కూడా ‘నీ తిక్క కుదురుస్తా’ అని బెదిరింపు చేసుకున్నాం.

ఆసుపత్రి మన కోస్తాకి ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన ఏడాదే ‘ల్యూనటిక్ అసైలమ్స్’ చట్టమూ వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో మద్రాసు రాజధానిలో ప్రభుత్వ పిచ్చాసుపత్రులు మద్రాసు, కాలికట్, వాల్తేరుల్లో ఉండేవి. అంటే తెలుగు కోస్తా మొత్తానికి, కొండలతో సహా, వాల్తేరే దిక్కు. 1912లో కొత్త ల్యూనసీ చట్టం వచ్చింది. 1920ల్లో ఆ ‘అసైలం’ అనే పేరు మార్చి ‘మెంటల్ హాస్పిటల్’ అన్నారు. పద్ధతి మాత్రం పాతదే. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వాలి, పోలీసు తీసుకెళ్ళాలి. రోగికీ నేరస్థుడికీ ప్రయాణం ఒకేలా ఉండేది. ఆ చట్టం 1987 చట్టం వచ్చి అమలయ్యేదాకా, అంటే 1993 వరకు బతికే ఉంది. చిన్నప్పుడు మనం ‘పోలీసులకి పట్టిస్తా’, ‘పిచ్చాసుపత్రిలో వేయిస్తా’ అన్న రెండు బెదిరింపులూ ఒకే ఊపిరిలో విన్నామంటే దాని వెనక ఇంత చరిత్ర ఉంది.

రంప కొండలు ఈ చట్టాల అంచున ఉన్నాయి. 1874 షెడ్యూల్డ్ జిల్లాల చట్టం కింద ఏజెన్సీకి వేరే పాలన, వేరే నియమాలు. అక్కడ ప్రభుత్వం అంటే అటవీ గార్డు, కల్లు పన్ను, పోలీసు స్టేషను. 1879 పితూరీకి ఒక ముఖ్య కారణం ఆ కల్లు మీద వేసిన పన్నే. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం రంపచోడవరం స్టేషను మీదికి వచ్చింది. రంప అనగానే మన పాఠ్యపుస్తకాలకి గుర్తొచ్చేవి ఇవే. మనసు చెదిరినవాళ్ళని ఏం చేసేవాళ్ళన్నది ఈ చరిత్రలో ఎక్కడా రాదు. వాల్తేరు చాలా దూరం, వెజ్జు దగ్గర. అంతవరకు ఊహించడం కష్టం కాదు.

వెజ్జు అనే మాట దగ్గరే నాకు మొదటి దెబ్బ తగిలింది. ఎడ్గర్ థర్‌స్టన్ 1912లో దక్షిణ భారత శకునాలు, మూఢనమ్మకాల మీద అచ్చువేసిన పుస్తకంలో గోదావరి జిల్లా ‘ఎజ్జుగాడు’ గురించి రాశాడు. పచ్చని చెట్టు దగ్గర ముగ్గు వేసి, చంపదలచిన మనిషి బొమ్మ పెట్టి, విల్లూ బాణమూ ఉంచి మంత్రాలు చదువుతాడట. ఆ మాటకి ఆయన ఇచ్చిన ఇంగ్లీషు అర్థం మగ వైద్యుడు అని. అర్థం సరైనదే. ఎజ్జు మన పాత తెలుగు వెజ్జే, ప్రాకృతం మీదుగా వచ్చిన వైద్యుడే. చంపేవాడైనా అతని పేరులో వైద్యం మిగిలింది. ఆ పుస్తకంలోనే గోదావరి ప్రాంతపు మంత్రగత్తె గురించి కూడా ఉంది. రాత్రిపూట వచ్చి మగవాడి కాలివేలి నించి రక్తం పీలుస్తుందట, అతను రోజురోజుకీ నీరసించిపోతాడట, పులి రూపంలో కూడా తిరుగుతుందట. ఆవిడ పేరు చెడిపె. అంటే శీలం చెడినది. మన నిఘంటువుల్లోనూ అదే అర్థం. మంత్రం వేసే మగవాడిని వైద్యుడన్న భాష, మంత్రం వేసే ఆడదాన్ని రంకుటాలంది. మగవాడు కారణం తెలియకుండా నీరసించిపోతే, మాటాపలుకూ లేకుండా కూర్చుంటే, ఆ నీరసానికి పెట్టిన పేరు ఒక ఆడదానిది. కొండభాష ఇది అని మనం తప్పించుకోలేం. చెడు అనే ధాతువు మనందరిదీ.

శీలం మాట వచ్చింది కాబట్టి రంప చరిత్రలోనే ఉన్న ఇంకో ఆవిడ సంగతి చెప్పాలి. 1907లో హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరులో పితూరీలకి పూర్వకథగా ఇది వస్తుంది. రంప మన్సబుదారు రామభూపతి దేవు 1835లో చనిపోయాడు. ఒక కూతురు, వివాహేతర సంతానమని చెప్పే ఒక కొడుకు. ముఠాదారులు మొదట కూతురినే వారసురాలిగా ఒప్పుకున్నారు. ఆమె తను పెళ్ళి చేసుకోనని ప్రకటించింది. కొద్దికాలానికి ఎస్టేటుని తమ్ముడికి వదిలేసింది. ఆ తర్వాత ఆమె శీలం మీద అనుమానం పుట్టింది, ముఠాదారులు ఇద్దరినీ ఎస్టేటు నించి తరిమేశారు. 1848లో ఒప్పందం కుదిరి తమ్ముడు తిరిగొచ్చాడు. 1879లో జనం తిరగబడింది ఆ మన్సబుదారు మీదే. అక్క తిరిగొచ్చిన జాడ ఆ కథనంలో లేదు. పెళ్ళి చేసుకోనన్న ఆడదాని చుట్టూ అనుమానం పుట్టడానికి ఎంతకాలం పట్టిందో గెజిటీరు లెక్క చెప్పదు. అనుమానం ఎవరిదో, ఎందుకో కూడా చెప్పదు. అది వాతావరణంలా దానంతటదే ‘పుడుతుంది’. ఇది జబ్బు కథ కాదని నాకు తెలుసు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఊరు ఒక ఆడదాన్ని బయటికి పంపడానికి ఏపాటి సాక్ష్యం చాలునో ఇందులో ఉంది.

గోదావరి మన్యంలో ఆ సాక్ష్యానికి వాడుకలో ఉన్న పేరు చిల్లంగి. తెలంగాణలో బాణామతి అన్నట్టే ఇది. చిల్లంగి చేసిందనే అనుమానంతో కొట్టడాలు, చంపడాలు మన పత్రికల జిల్లా పేజీల్లో చాలాసార్లు చదివాం. మగవాళ్ళ పేర్లూ వస్తాయి, ఆ మాట దాచకూడదు. జాతీయ నేర గణాంకాల్లో హత్యకి కారణాల పట్టికలో మంత్రతంత్రాలకి ఒక గడి ఉంది. ఆ గడిలోకి రానివి ఇంకా ఎక్కువ. పొలం పక్కన పొలంవాళ్ళు దారి మార్చుకోవడం, బావి దగ్గర మాటలు ఆగిపోవడం, సొంత కొడుకే ‘నువ్వు చెల్లి దగ్గరికి వెళ్ళిపోరాదా’ అనడం. వీటికి ఎఫ్.ఐ.ఆర్. ఉండదు. బీహారు 1999లో మంత్రగత్తె ముద్ర వేయడమే నేరమని చట్టం చేసింది. చట్టాలు అవసరమే. కానీ ఈ ముద్ర ఎక్కడ మొదలవుతుందో చూస్తే, చాలాసార్లు ఒక రోగి మంచం దగ్గర మొదలవుతుంది.

నాకు ఇది అర్థమైంది చాలా మామూలు సంభాషణల్లో. గాలి సోకిన మనిషిని ఎలా చూసుకుంటారని అడిగితే అందరూ సంతోషంగా చెప్పేవాళ్ళు. ఒంటరిగా వదలరు. రాత్రి పక్కన ఎవరో ఒకరు పడుకుంటారు. పనికి తీసుకెళ్తారు, చేయగలిగినంత చేయిస్తారు. తప్పు ఆమెది కాదు కదా అంటారు. మరి ఎవరిది అని అడిగితే మాట ఆగిపోయేది. గాలి ఊరికే రాదు, ఎవరో పంపాలి. ఆ ఎవరో అన్నదానికి వెజ్జు ఒక దిక్కు చెబుతాడు, ఊరు ఆ దిక్కున ఒక ఇంటిని వెతుక్కుంటుంది. అంటే రోగి మీది నింద ఎగిరిపోలేదు. ఇంకొకరి గుమ్మంలో వాలింది. నేను ఆసరా అని రాసుకున్న పేజీకీ, నింద అని రాసుకున్న పేజీకీ మధ్య గీత గీసుకున్నాను మొదట్లో. ఆ గీత చెరిపేయాల్సి వచ్చింది. ఆ రోగిని చుట్టూ చేరి కాపాడినవాళ్ళూ ఇంకొకరి వైపు వేలు చూపినవాళ్ళూ ఒకరే.

దీని వెలుగులో నేను ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనాల్ని మళ్ళీ చదివాను. 1960ల చివర మొదలైన స్కిజోఫ్రీనియా అధ్యయనంలో మన దేశం నించి ఆగ్రా ఉంది, తర్వాతి పది దేశాల అధ్యయనంలో చండీగఢ్ ఉంది. పేద దేశాల్లో రోగులు ధనిక దేశాల్లో కన్నా బాగా కోలుకుంటున్నారన్నది వాటిలో తేలిన సంగతి. కారణం ఉమ్మడి కుటుంబమని, ఊరి ఆసరా అని చాలామంది రాశారు. మనకి గర్వంగా ఉండింది. 2008లో అలెక్స్ కోహెన్, ఆయన తోటివాళ్ళు ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించారు. ఆ గణాంకాల జోలికి నేను పోను, నా చదువు అది కాదు. నా ప్రశ్న వేరు. కోలుకున్నవాళ్ళని లెక్కపెట్టినప్పుడు, వాళ్ళు కోలుకోవడం కోసం ఎవరి పేరు చెడిందో ఎవరైనా లెక్కపెట్టారా? మైదానంలో ఆ ప్రశ్నకి ఇంకో రూపం ఉంది. చెన్నైలో ఆర్. తార, ఆమె తోటివాళ్ళు స్కిజోఫ్రీనియా వచ్చి భర్తల నించి విడిపోయిన స్త్రీల మీద 2003లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఆ స్త్రీలకీ కుటుంబాలకీ జబ్బు ముద్ర కన్నా భర్త వదిలేసిన ముద్రే ఎక్కువ బాధించింది. వాళ్ళని చూసుకుంటున్నది ముసలి తల్లిదండ్రులు. ఉమ్మడి కుటుంబపు ఆసరా అని మనం గొప్పగా చెప్పుకునేదాన్ని విప్పి చూస్తే లోపల ఒక ముసలి అమ్మ చేతులు కనిపిస్తాయి.

1955 హిందూ వివాహ చట్టంలో మతిస్థిమితం లేకపోవడం విడాకులకి ఒక కారణం. అదే చట్టం రెండో సెక్షను ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకి అది వర్తించదు. కొండరెడ్ల స్త్రీకి గాలి సోకితే, ఆమె భర్త వదిలేసి వెళ్ళొచ్చు గాక, ఆమె మతి మీద ఒక కాగితం పుట్టదు. పెద్దమ్మకి పుట్టింది. ఆ పిటిషన్ నకలు ఆమె పెట్టెలో దొరికింది. అందులో ఆమె హాజరు పట్టీలో తన పేరు రాసుకున్న సంగతి కూడా ఉంది. బడివాళ్ళు జాలిగా చెప్పుకున్న విషయం కోర్టులో ఆమెకి వ్యతిరేక సాక్ష్యంగా ఎలా మారిందో, ఎవరు మోసుకొచ్చారో ఇప్పుడు ఎవరినీ అడగలేను.

మన స్త్రీవాద చర్చలో కూడా పెద్దమ్మలాంటివాళ్ళకి చోటు తక్కువే. భార్గవి దావర్ 1999లో భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద రాసిన పుస్తకం మనకి చాలా ఇచ్చింది. దిగులు, ఆందోళన లాంటివి ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపించడానికీ మన జీవితాలకీ ఉన్న సంబంధాన్ని ఆమె ముందు పెట్టారు. తర్వాత మనం దిగులు గురించి ధైర్యంగా రాసుకున్నాం. దిగులుకి పితృస్వామ్యం కారణమని చెప్పగలం. గోడ అవతల గొంతులు వినపడటానికి ఏం చెబుతాం? అక్కడ మనమూ డాక్టరుకి అప్పజెప్పి పక్కకి తప్పుకున్నాం. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయినప్పుడు, దర్గాలూ గుళ్ళూ అన్నీ మూయించాలన్న కోపం మనందరికీ వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. అయినా 2009లో దావర్, మధురా లోహోకరే మహారాష్ట్ర దర్గాల గురించి రాస్తూ, అక్కడికి వచ్చే ఆడవాళ్ళు ఏం వెతుక్కుంటున్నారో చూడమన్నారు. గొలుసు ఉన్న చోటే తోడూ ఉందనడం ఇబ్బందిగా ఉంటుంది. రంపచోడవరంలో నాదీ అదే ఇబ్బంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మూడు నెలలూ రాత్రిళ్ళు పెద్దమ్మ పక్కన పడుకున్నది బడిలో వంటకి సాయం చేసే ఒక ఆయా. పెద్దమ్మ ఆవిడ గురించి ఎప్పుడు చెప్పినా ఒకే విషయం చెప్పేది. గొంతులు వినపడి తను లేచి కూర్చుంటే, ఆవిడ కూడా లేచి కూర్చునేదట. ‘ఎవరూ లేరు పడుకో’ అనేది కాదట. ‘ఏమంటున్నారు పంతులమ్మా’ అని అడిగేదట. పెద్దమ్మ చెబితే వినేదట. తెల్లవారేసరికి ఇద్దరూ నిద్రపోయేవాళ్ళు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత మంచి వైద్యం లేదు, మందుల్ని కాదనకుండానే అంటున్నాను.

ఆ ఆయాని చూడాలని నాకు పెద్ద కోరిక. నా మూడో ప్రయాణంలో, సంత రోజున, పెద్దమ్మ దగ్గర చదువుకున్న ఒకావిడ దొరికింది. నాకన్నా పదేళ్ళు పెద్ద. చింతపండు తూకం వేయించుకుంటూ నా మాట వింది. పేరు చెప్పగానే చేతిలో సంచి కింద పెట్టేసింది.

‘మా పంతులమ్మ! మాకు లెక్కలు చెప్పేది. బాగా కొట్టేది కూడా’ అని నవ్వింది. ‘ఆమెకి గాలి సోకింది కదా. వదిలిందా?’

‘వదిలిందక్కా. ఆ సంవత్సరమే వదిలింది.’

‘మరి రాలేదేం? మేం వస్తాదని చూసాం. వేరే పంతులు వచ్చినా ఆమె గదిలో సామాను చాలారోజులు అట్టే ఉంచాం.’

నేను దానికి ఏం చెప్పానో నాకు గుర్తులేదు. మావయ్యల గురించి, రాజీనామా గురించి మాత్రం చెప్పలేదు. కాసేపాగి ఆయా గురించి అడిగాను. ఆవిడ ఇప్పుడు ఎక్కడుంది, బతికే ఉందా, ఏ ఊరు.

ఆమె సంచి ఎత్తుకుంది. చుట్టూ చూసింది. చింతపండు కొట్టతను డబ్బులు లెక్కపెట్టుకుంటున్నాడు, మమ్మల్ని పట్టించుకోవడం లేదు. అయినా ఆమె నా దగ్గరికి జరిగి, మా ఇంట్లో పెద్దమ్మ లేచి వెళ్ళాక మాట్లాడే గొంతుతోనే అంది.

‘ఆవిడకి పేరుందమ్మా. ఊళ్ళో ఉండనివ్వలేదనే బడి దగ్గర పడుండేది. పంతులమ్మకి గాలి సోకింది కూడా ఆవిడ వల్లే అన్నారు. పంతులమ్మని మీవాళ్ళు తీసుకెళ్ళాక బడిలోంచి కూడా పంపేశారు.’

‘ఎక్కడికి?’

‘ఎవరడుగుతారు?’ అంది. తర్వాత, ‘మా పంతులమ్మకి పిల్లలున్నారా?’ అని అడిగింది.